సొంత కంప్యూటర్లో వెబ్ సర్వర్ లాగ్ ఫైళ్లు: వెతికే దారుల్లో ఏది ఎవరికి?

సొంత కంప్యూటర్లో వెబ్ సర్వర్ పెట్టుకొని పని నేర్చుకునేవారికీ, సైటును హోస్టింగుకు ఎక్కించే ముందు ఇంట్లోనే పరీక్షించుకునేవారికీ ఏదో ఒక రోజు 500 అన్న అంకె తప్ప మరేమీ చెప్పని పేజీ ఎదురవుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేది లాగ్ ఫైలు. అది ఎక్కడ ఉందో సర్వరు పెట్టుకున్న రోజున ఎవరూ చూసిపెట్టుకోరు కనుక, అవసరం పడ్డ రోజున వెతుకులాట మొదలవుతుంది.

వెతుక్కోవలసినవి సాధారణంగా రెండు ఫైళ్లు. యాక్సెస్ లాగ్ కొట్టులోని చిట్టా వంటిది. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏమి అడిగారు, ఏమి ఇచ్చి పంపారు అన్నది ఒక్కొక్క రిక్వెస్టుకు ఒక్కొక్క వరుసగా అందులో పడుతుంది. ఎర్రర్ లాగ్‌లో సర్వరు తనకు ఎదురైన ఇబ్బందులను రాసుకుంటుంది. ఏది కావాలో ముందే తేల్చుకోవడం మంచిది. లేని ఫైలును అడిగినప్పుడు వచ్చే 404 అన్న జవాబును అపాచీ అనే సర్వరు (2.4 వెర్షను) మామూలు సెట్టింగులతో ఉన్నంతవరకు యాక్సెస్ లాగ్‌లో మాత్రమే రాస్తుంది, ఎర్రర్ లాగ్‌లో దాని ఊసే ఉండదు. ఇంజిన్‌ఎక్స్ అనే మరొక సర్వరు సాధారణంగా అదే సంగతిని, ఫైలు దొరకలేదన్న కారణంతో సహా, ఎర్రర్ లాగ్‌లో కూడా రాస్తుంది. ఒక సర్వరుకు అలవాటు పడి మరొక సర్వరు లాగ్ చదివేవారు ఇక్కడ తరచుగా దారి తప్పుతారు.

ఈ ఫైళ్లను పట్టుకోవడానికి నాలుగు దారులు ఉన్నాయి: తెలిసిన చోటుకు నేరుగా వెళ్లడం, సర్వరు సెట్టింగుల ఫైలును చదవడం, డిస్కంతా వెతకడం, నడుస్తున్న ప్రాసెస్‌నే (పని చేస్తున్న ప్రోగ్రామునే) అడగడం. నా తీర్పు ముందే చెబుతాను. అపాచీని, పీహెచ్‌పీ భాషను, డేటాబేసును ఒకే మూటగా కట్టి ఇచ్చే జాంప్, వాంప్ వంటి ప్యాకేజీ వాడేవారికి మొదటి దారి చాలు. మిగిలిన వారందరూ రెండవ దారిని అలవాటు చేసుకోవాలి. మూడవది చాలామంది మొదట పట్టే దారి, నా లెక్కలో చివరది. నాలుగవది కాస్త కష్టమైనా అబద్ధం చెప్పదు. వీటిని నేను వేగాన్ని బట్టి కాక ఒకే ప్రశ్నను బట్టి తూచాను: దొరికిన ఫైలు ఇప్పుడు నడుస్తున్న సర్వరు రాస్తున్నదేనా, లేక ఎప్పుడో ఆగిపోయిన మరొకదానిదా?

ఫైళ్ల పేర్లనూ ఆదేశాలనూ ఇక్కడ పలికే తీరులో రాశాను. టైపు చేసేటప్పుడు అవి ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉండాలి.

జవాబిస్తున్నది ఏ సర్వరు?

ఈ ప్రశ్నను దాటవేసినందుకు నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. విండోస్ కంప్యూటర్లో జాంప్ ఉంది, అంతకు ముందు మరేదో పని కోసం ఆన్ చేసిన ఐఐఎస్, అంటే విండోస్‌తో వచ్చే మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వరు, కూడా ఉంది. ఐఐఎస్ అప్పటికే 80వ పోర్టును (బ్రౌజరు మామూలుగా తట్టే తలుపును) పట్టుకొని కూర్చోవడంతో అపాచీని 8080కి మార్చుకున్నాను, మార్చిన సంగతి మరిచిపోయాను. బ్రౌజరులో పోర్టు సంఖ్య లేకుండా లోకల్‌హోస్ట్ అని కొడుతూ, జాంప్ ఫోల్డరులోని ఎర్రర్ లాగ్‌ను పదేపదే తెరిచి, వారం కిందటి వరుసలను ఆ రోజువే అనుకొని చదివాను. తేదీని చూడకపోవడం నా తప్పు. చూసినా ముందు ఫైలు మారిందేమో అని కాక గడియారం తప్పిందేమో అనుకునేవాడినేమో.

అందుచేత వెతకడానికి ముందు రెండు నిమిషాలు ఇటు పెట్టండి. బ్రౌజరులో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబు తెరిచి పేజీని రీలోడ్ చేసి, అందులో పేజీ పేరు మీద క్లిక్ చేస్తే సర్వరు పంపిన హెడర్లు కనిపిస్తాయి. వాటిలో సర్వర్ అన్న వరుసలో అపాచీ అనో, ఇంజిన్‌ఎక్స్ అనో, మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ 10.0 అనో సాధారణంగా ఉంటుంది. ఆ వరుసను ఎవరైనా తీసివేసి ఉంటే పోర్టును అడగాలి. విండోస్‌లో నెట్‌స్టాట్ ఆదేశానికి ఏ, ఎన్, ఓ అనే మూడు అక్షరాలు జోడిస్తే ఏ పోర్టును ఏ ప్రాసెస్ పట్టుకుందో చివరి నిలువు వరుసలో సంఖ్యగా వస్తుంది. 80వ పోర్టు ఎదుట ఆ సంఖ్య 4 అని ఉంటే దాని అర్థం సిస్టమ్ అని. ఐఐఎస్ రిక్వెస్టులను విండోస్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం)లోని హెచ్‌టీటీపీ డాట్ సిస్ అనే భాగం అందుకుంటుంది కాబట్టి పోర్టును పట్టుకున్న ప్రాసెస్‌గా ఐఐఎస్ పేరు కనిపించదు. లైనక్స్‌లో ఇదే పనికి ఎస్ఎస్ అనే ఆదేశం ఉంది. ప్రాసెస్ పేర్లు కనిపించాలంటే దాన్ని సుడోతో, అంటే అడ్మినిస్ట్రేటర్ అధికారంతో, నడపాలి.

తెలిసిన చోటుకు నేరుగా వెళ్లడం

జాంప్ వాడేవారి పని అన్నింటికన్నా తేలిక. కంట్రోల్ ప్యానెల్‌లో అపాచీ వరుసలోనే లాగ్స్ అనే బటన్ ఉంది. నొక్కితే యాక్సెస్ లాగ్, ఎర్రర్ లాగ్, పీహెచ్‌పీ ఎర్రర్ లాగ్ పేర్లు వస్తాయి, కావలసినది ఎంచుకుంటే నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. నేరుగా వెళ్లదలచినవారు సీ డ్రైవులోని జాంప్ ఫోల్డరులో అపాచీ, దానిలో లాగ్స్ తెరిస్తే సరిపోతుంది. వాంప్ అయితే సీ డ్రైవులో వాంప్64 ఫోల్డరు కింద లాగ్స్ అనే ఒకే చోట అపాచీ, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మూడింటి లాగ్‌లూ ఉంటాయి. టాస్క్‌బార్ మూలన ఉన్న దాని గుర్తు మీద క్లిక్ చేసి మెనూ నుంచి కూడా తెరవవచ్చు. ఈ ఒక్క విషయంలో వాంప్ అమరికే నాకు నచ్చుతుంది, ఎందుకంటే జాంప్‌లో పీహెచ్‌పీ లాగ్ ఒక మూలన, మైఎస్‌క్యూఎల్ లాగ్ దాని డేటా ఫోల్డరులో మరొక మూలన ఉండి, బటన్ లేకుండా వెతికేవారిని తిప్పుతాయి. మాక్ మీద మాంప్ వాడేవారు అప్లికేషన్స్‌లోని మాంప్ ఫోల్డరులో లాగ్స్ చూడాలి.

లైనక్స్‌లో నేరుగా పెట్టుకున్న సర్వర్లకు వార్ ఫోల్డరులోని లాగ్ ఫోల్డరే ఇల్లు, అయితే గది పేరు మారుతుంది. ఉబుంటు, డెబియన్‌లలో అది అపాచీ2. ఫెడోరా కుటుంబంలో హెచ్‌టీటీపీడీ. ఇంజిన్‌ఎక్స్‌కు రెండింటిలోనూ దాని పేరే. మాక్‌లో హోమ్‌బ్రూ అనే ఇన్‌స్టాల్ సాధనం ద్వారా పెట్టుకుంటే యాపిల్ చిప్ ఉన్న యంత్రాల్లో ఆప్ట్ కింద హోమ్‌బ్రూ, వార్, లాగ్ వరుసలో వెళ్లాలి. పాత ఇంటెల్ మాక్‌లలో యూఎస్ఆర్ కింద లోకల్, వార్, లాగ్ వరుస.

చోటు తెలిసినంత మాత్రాన ఫైలు తెరుచుకోదు. ఉబుంటులో అపాచీ లాగ్‌లను రూట్ అనే అడ్మినిస్ట్రేటర్ అకౌంటుతో పాటు ఏడీఎం అనే గుంపులోని వారు మాత్రమే చదవగలరు. ఇన్‌స్టాల్ చేసినప్పుడు సృష్టించిన మొదటి యూజరు ఆ గుంపులో ఉంటాడు కాబట్టి సొంత ల్యాప్‌టాప్‌లో ఇబ్బంది తెలియదు. ఇంట్లో మరొకరికి తరువాత సృష్టించిన అకౌంటు నుంచి చూస్తే అనుమతి లేదని వస్తుంది. ఫెడోరాలో ఆ ఫోల్డరు రూట్‌కు తప్ప ఎవరికీ తెరుచుకోదు, సుడో తప్పదు. పైగా ఉబుంటులో లాగ్‌లను ప్రతిరోజూ మడిచి పక్కన పెట్టి, మొత్తం 14 పాత ఫైళ్లను మాత్రమే ఉంచి మిగిలినవి తీసివేసే ఏర్పాటు ముందే ఉంది. నిన్నటి పొరపాటు కోసం వెతికేవారు యాక్సెస్ డాట్ లాగ్‌ను కాక, చివర డాట్ ఒకటి ఉన్న ఫైలును తెరవాలి. రెండు నుంచి పైవి జీజిప్ పద్ధతిలో కుదించి ఉంటాయి కనుక వాటిలో జెడ్‌గ్రెప్ అనే ఆదేశంతో వెతకాలి.

ఈ దారికి ఉన్న బలహీనత ఒక్కటే. ఎవరూ ఏమీ మార్చనంత కాలమే ఇది నిజం. ఒక పాత గైడు చూసి వర్చువల్ హోస్టు (అదే సర్వరులో మరొక సైటు) పెట్టుకున్న మరుక్షణం లాగ్ మరొక చోటికి పోయి ఉండవచ్చు, పాత చోట పాత ఫైలు అలాగే ఉండి మిమ్మల్ని నమ్మిస్తూ ఉండవచ్చు.

సెట్టింగుల ఫైలును చదవడం

అపాచీలో లాగ్ ఎక్కడ పడాలో చెప్పే మాటలు రెండు: ఎర్రర్‌లాగ్, కస్టమ్‌లాగ్. రెండవది యాక్సెస్ లాగ్‌కు సంబంధించినది. సెట్టింగుల ఫైలులో ఈ రెండు మాటల కోసం వెతికితే వాటి పక్కనే దారి రాసి ఉంటుంది. ఆ దారి మొదట డ్రైవు పేరు గానీ ఏటవాలు గీత గానీ లేకపోతే, అది సర్వర్‌రూట్ అన్న మాట ఎదుట ఉన్న ఫోల్డరు నుంచి లెక్క. జాంప్‌లో కస్టమ్‌లాగ్ పక్కన లాగ్స్, యాక్సెస్ డాట్ లాగ్ అని మాత్రమే కనిపిస్తుంది; సర్వర్‌రూట్ సీ డ్రైవులోని జాంప్, అపాచీ అని ఉంటుంది కాబట్టి రెండింటినీ కలిపి చదువుకోవాలి. ఈ కలపడం తెలియనివారు జాంప్ ఫోల్డరు కిందే లాగ్స్ కోసం చూసి లేదనుకుంటారు.

ఉబుంటులో ఇంకొక ముడి ఉంది. అక్కడ దారికి బదులు డాలరు గుర్తుతో అపాచీ లాగ్ డిర్ అనే వేరియబుల్ కనిపిస్తుంది. దాని విలువ ఈటీసీ కింద అపాచీ2 ఫోల్డరులోని ఎన్వ్‌వార్స్ అనే ఫైలులో ఉంటుంది. ఒక్క ఫైలు చదివి ఆపకూడదు. సైట్స్ ఎనేబుల్డ్ ఫోల్డరులోని ప్రతి సైటుకూ తన సొంత కస్టమ్‌లాగ్ ఉండవచ్చు, ఉన్నప్పుడు ఆ సైటుకు వచ్చిన రిక్వెస్టులు ప్రధాన లాగ్‌లో పడవు. సొంత కస్టమ్‌లాగ్ లేని సైటు సంగతి ఉబుంటులో మరీ విచిత్రం: దాని వరుసలు అదర్ వీహోస్ట్స్ యాక్సెస్ డాట్ లాగ్ అనే మూడవ ఫైలులోకి పోతాయి. కొత్త సైటు పెట్టుకొని, యాక్సెస్ లాగ్‌లో ఒక్క వరుసా రావడం లేదని విసుగెత్తినవారు చూడవలసిన మొదటి చోటు అదే.

ఏ సెట్టింగుల ఫైళ్లు లెక్కలోకి వస్తున్నాయో తెలియనప్పుడు సర్వరునే చెప్పమనవచ్చు. ఉబుంటులో అపాచీ2సీటీఎల్‌కు హైఫన్, క్యాపిటల్ ఎస్ జోడిస్తే ఏ సైటు ఏ ఫైలులో ఏ వరుసలో ఉందో చెప్పి, కింద ప్రధాన ఎర్రర్ లాగ్ దారిని కూడా చూపుతుంది. యాక్సెస్ లాగ్ దారిని మాత్రం చెప్పదు. ఈ విషయంలో ఇంజిన్‌ఎక్స్ ఎంతో మేలు. దానికి హైఫన్, క్యాపిటల్ టీ ఇస్తే సెట్టింగులను సరిచూసి, చేర్చుకున్న ఫైళ్లన్నింటితో సహా మొత్తాన్ని ఒకేసారి తెర మీద పరుస్తుంది. అందులో యాక్సెస్ లాగ్, ఎర్రర్ లాగ్ అన్న మాటలున్న వరుసలను గ్రెప్ ఆదేశంతో ఏరుకుంటే పని అయిపోతుంది. యాక్సెస్ లాగ్ పక్కన ఆఫ్ అని కనిపిస్తే వెతుకులాట అక్కడే ఆపవచ్చు, ఎవరో దాన్ని మూసివేశారు. ఆ మాటే ఎక్కడా లేకపోతే లాగ్ లేదని కాదు. ఇంజిన్‌ఎక్స్‌ను తయారుచేసినప్పుడు నిర్ణయించిన చోట పడుతూ ఉంటుంది, ఆ చోటును హైఫన్, క్యాపిటల్ వీ చూపుతుంది.

కమాండ్ లైన్ అంటే బెరుకు ఉండి, అపాచీ మీద పీహెచ్‌పీ నడుస్తున్నవారికి మరొక తేలిక మార్గం ఉంది. పీహెచ్‌పీఇన్ఫో అనే ఫంక్షన్‌ను ఒక చిన్న పేజీలో పెట్టి బ్రౌజరులో తెరిస్తే, ఏ పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐ వాడుకలో ఉందో, ఎర్రర్ లాగ్ అన్న చోట ఏముందో, అపాచీ భాగంలో సర్వర్ రూట్ ఏమిటో ఒకే పేజీలో వస్తాయి. పీహెచ్‌పీ తన తప్పులను అపాచీ లాగ్‌లో కాక వేరే ఫైలులో రాసుకునే అవకాశం ఉన్నందున, ఖాళీ పేజీ సమస్య ఉన్నవారు ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మేలు. పని అయ్యాక ఆ పేజీని తీసివేయండి.

డిస్కంతా వెతకడం

ఫైల్ ఎక్స్‌ప్లోరరులో పైన ఉన్న పెట్టెలో యాక్సెస్ డాట్ లాగ్ అని కొట్టి వేచి చూడడం సహజంగా తోచే ఉపాయం. విండోస్ ముందుగా సూచిక తయారుచేసి పెట్టుకునేది ప్రధానంగా యూజరు ఫోల్డర్లకు మాత్రమే. సీ డ్రైవు మొదట్లో ఉన్న జాంప్, ఐఐఎస్ వాడే ఐఎన్ఈటీపబ్ వంటివి మామూలుగా ఆ సూచికలో ఉండవు కనుక ఆకుపచ్చ గీత పాకుతూనే ఉంటుంది. విండోస్ ఎక్స్‌టెన్షన్లను దాచి చూపిస్తుంది కాబట్టి దొరికిన ఫైలు యాక్సెస్ అన్న పేరుతో, టెక్స్ట్ డాక్యుమెంట్ అన్న రకంతో కనిపించి, అదో కాదో అన్న సందేహం మిగులుస్తుంది.

డాట్ లాగ్‌తో ముగిసే ఫైళ్లన్నీ చూపమంటే వందల్లో వస్తాయి, అయినా కావలసినది వాటిలో ఉండకపోవచ్చు. ఫెడోరాలోనూ, హోమ్‌బ్రూ ద్వారా వచ్చే అపాచీలోనూ, లైనక్స్ మీది జాంప్‌లోనూ ఆ ఫైళ్ల పేర్లు యాక్సెస్, ఎర్రర్ అన్న మాటల తరువాత అండర్‌స్కోర్, లాగ్ అని ముగుస్తాయి. మధ్యలో చుక్క ఉండదు. విండోస్ జాంప్‌లోని పీహెచ్‌పీ ఎర్రర్ లాగ్‌కూ ఎక్స్‌టెన్షన్ లేదు.

కాలాన్ని బట్టి వెతకడం కొంత నయం. లైనక్స్‌లో, మాక్‌లో ఫైండ్ ఆదేశానికి ఎంమిన్ అన్న షరతు పెట్టి, గత ఒక్క నిమిషంలో మారిన ఫైళ్లను చూపమనవచ్చు. పేజీని ఒకసారి రీలోడ్ చేసి వెంటనే ఈ ఆదేశం ఇస్తే పేరు ఏదైనా సరే లాగ్ బయటపడుతుంది. విండోస్‌లో ఇదే ఉపాయం మోసం చేస్తుంది. విండోస్ డిస్కుల్లో వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఒక ప్రోగ్రాం ఫైలును తెరిచి ఉంచి రాస్తూ ఉన్నంత సేపు, ఫోల్డరులో కనిపించే సైజు, మారిన సమయం పాతవే చూపించవచ్చు. సున్నా కేబీ అని కనిపించే లాగ్‌ను తెరిస్తే లోపల ఈ క్షణం వరకు రాసిన వరుసలు ఉండడం నేను చూశాను. కనుక ఎక్స్‌ప్లోరరులో సైజు చూసి ఏ ఫైలునూ ఖాళీ అని కొట్టివేయకండి, తెరిచి చూడండి.

ఈ దారి ఎప్పుడు పనికివస్తుందంటే, ఎవరో పెట్టి ఇచ్చిన కంప్యూటరు మీ చేతికి వచ్చి, సర్వరు ఎక్కడ ఉందో కూడా తెలియనప్పుడు. అప్పుడు కూడా లాగ్ కోసం కాక, హెచ్‌టీటీపీడీ డాట్ కాన్ఫ్ లేదా ఇంజిన్‌ఎక్స్ డాట్ కాన్ఫ్ అన్న పేరుతో సెట్టింగుల ఫైలు కోసం వెతికితే ఫలితాలు రెండు మూడుకు మించవు, అక్కడి నుంచి వెనకటి దారిలో పడవచ్చు.

నడుస్తున్న ప్రాసెస్‌నే అడగడం

పుస్తకాల్లో ఏమి రాసి ఉన్నా, సెట్టింగుల్లో ఏమి ఉన్నా, సర్వరు ఈ క్షణాన ఏ ఫైలును తెరిచి పట్టుకుందో ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలుసు. లైనక్స్‌లో, మాక్‌లో ఎల్ఎస్ఓఎఫ్ అనే ఆదేశానికి ప్రాసెస్ పేరు ఇచ్చి, వచ్చినదాంట్లో లాగ్ అన్న మాట ఉన్న వరుసలను ఏరుకుంటే పూర్తి దారి వస్తుంది. అపాచీ ప్రాసెస్ పేరు ఉబుంటులో అపాచీ2 అనీ, మిగిలిన చోట్ల హెచ్‌టీటీపీడీ అనీ గుర్తుంచుకోవాలి. సుడో లేకపోతే ఫలితం ఖాళీగా రావచ్చు. విండోస్‌లో రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ ట్యాబులో హెచ్‌టీటీపీడీ పక్కన టిక్ పెడితే, కింద అసోసియేటెడ్ హ్యాండిల్స్ అన్న భాగంలో అది పట్టుకున్న ఫైళ్లు కనిపిస్తాయి. ఇందుకు కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ దించుకోనక్కరలేదు.

మిగిలిన మూడు దారులూ చెప్పలేని ఒక సంగతిని ఈ దారి చెబుతుంది. డిస్కు నిండిందని ఎవరైనా లైనక్స్‌లో లాగ్ ఫైలును తొలగించి, అపాచీని మళ్లీ మొదలుపెట్టకపోతే, పేరు పోయిన ఆ పాత ఫైలులోనే అపాచీ రాస్తూ ఉంటుంది. సెట్టింగులు సరిగానే ఉంటాయి, ఫోల్డరులో ఫైలు ఉండదు, డిస్కులో జాగా కూడా తిరిగి రాదు. ఎల్ఎస్ఓఎఫ్ వరుస చివర డిలీటెడ్ అన్న మాట కనిపించినప్పుడు గానీ గుట్టు విప్పుకోదు. సర్వరును రీస్టార్ట్ చేస్తే కొత్త ఫైలు పుడుతుంది.

ఇబ్బంది ఏమిటంటే ఇది సర్వరు నడుస్తున్నప్పుడే పనికివస్తుంది. అపాచీ లేవనే లేవకపోతే అడగడానికి ప్రాసెస్ ఉండదు. అటువంటప్పుడు సెట్టింగుల ఫైలే గతి. సెట్టింగుల్లో అక్షరదోషం వంటి కారణాన ఆగిపోయిన అపాచీ చాలాసార్లు లాగ్ తెరవకముందే ఆగిపోతుంది కనుక, దాన్ని కమాండ్ విండోలో చేత్తో నడిపి, తెర మీద వచ్చే సందేశాన్ని చదవడం లాగ్ వెతకడం కన్నా త్వరగా తెములుతుంది.

దొరికినది అదేనా?

ఏ దారిలో దొరికినా ఒక చిన్న పరీక్ష చేయకుండా లాగ్ చదవడం మొదలుపెట్టవద్దు. లోకల్‌హోస్ట్ తరువాత ఎవరూ పెట్టని ఒక పేరు, ఉదాహరణకు వంకాయ742 అని, ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టండి. బ్రౌజరు 404 ఇస్తుంది. యాక్సెస్ లాగ్ చివరికి వెళ్లి చూడండి. మొదట 127.0.0.1 గానీ, రెండు కోలన్లు ఒక ఒకటి గానీ ఉంటుంది, రెండవది ఐపీవీ6లో మీ సొంత కంప్యూటరు అడ్రసు. తరువాత రెండు చిన్న అడ్డగీతలు, చదరపు బ్రాకెట్లలో తేదీ, సమయం, +0530. ఆపైన గెట్, వంకాయ742, 404. ఆ వరుస ఉంటే ఇదే ఫైలు. లేకపోతే మీరు ఎంత శ్రద్ధగా చదివినా అది మరొకరి చిట్టా.

ఆ పేరును తెలుగు లిపిలో కొడితే ఏమవుతుందో చూడడం సరదాగానే ఉంటుంది గానీ, వెతకడానికి పనికిరాదు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు, ఒక్కొక్క బైటును బ్రౌజరు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా పంపుతుంది. వంకాయలో వ, సున్న, క, దీర్ఘం, య అని ఐదు సంకేతాలు ఉన్నందున అపాచీ లాగ్‌లో ఆ మాట 45 అక్షరాల పొడవున, శాతం గుర్తుల తోరణంలా పడుతుంది. తెలుగు పేర్లతో పేజీలు పెట్టుకున్నవారు తమ లాగ్‌లో తెలుగు కనిపించలేదని కంగారుపడనక్కరలేదు. ఈ0, బీ0 అన్న జంట పదేపదే వచ్చే చోట ఉన్నది తెలుగే.

ఐఐఎస్ సంగతి వేరు

పై దారులు అపాచీకి, ఇంజిన్‌ఎక్స్‌కు కుదిరినంతగా ఐఐఎస్‌కు కుదరవు. దాని లాగ్‌లు సీ డ్రైవులో ఐఎన్ఈటీపబ్, లాగ్స్, లాగ్‌ఫైల్స్ వరుసలో, డబ్ల్యూ3ఎస్‌వీసీ1 వంటి ఫోల్డరులో ఉంటాయి. చివరి అంకె సైటు సంఖ్య, ఐఐఎస్ మేనేజరులో సైట్స్ మీద క్లిక్ చేస్తే ఏ సైటుకు ఏ సంఖ్యో కనిపిస్తుంది. ఫోల్డరు తెరవడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి. ఇక్కడ నేను సిఫారసు చేసేది ఐఐఎస్ మేనేజరులో సైటును ఎంచుకొని లాగింగ్ అన్న గుర్తును తెరవడమే. దారి, ఫార్మాట్, కొత్త ఫైలు ఎప్పుడు మొదలవుతుంది అన్నవి మూడూ అక్కడే ఉంటాయి.

వంకాయ పరీక్ష ఇక్కడ వెంటనే ఫలించదు. వరుసలను కొంతసేపు మెమరీలో పోగుచేసి తరువాత ఫైలులోకి దించడం ఐఐఎస్ పద్ధతి; ఆగలేనివారు నెట్‌ఎస్‌హెచ్ ఆదేశంతో హెచ్‌టీటీపీ, ఫ్లష్, లాగ్‌బఫర్ అన్న మాటలు ఇస్తే ఉన్నవన్నీ దిగుతాయి. సమయం మరొక ఉచ్చు. ఐఐఎస్ మామూలుగా వాడే డబ్ల్యూ3సీ ఫార్మాటులో వేళలు యూటీసీ అనే అంతర్జాతీయ సమయంలో పడతాయి, మన గడియారానికి ఐదున్నర గంటలు వెనక. కొత్త రోజు ఫైలు మనకు తెల్లవారుజామున 5.30కి మొదలవుతుంది, తెల్లవారి 4 గంటలకు కూర్చొని పరీక్షించినవారి వరుసలు నిన్నటి తేదీ పేరున్న ఫైలులో, రాత్రి 10.30 అన్న సమయంతో ఉంటాయి. ఫైలు పేరుకు స్థానిక సమయం వాడమనే టిక్ ఒకటి ఉంది గానీ, అది పేరును, కొత్త ఫైలు మొదలయ్యే వేళను మాత్రమే మారుస్తుంది, లోపలి వేళలను కాదు.

సైటు లాగ్‌లో అసలేమీ లేకుండా బ్రౌజరులో 503 (సేవ అందుబాటులో లేదు) వస్తుంటే, రిక్వెస్టు సైటు వరకు చేరనే లేదని అర్థం. అప్పుడు విండోస్ ఫోల్డరులోని సిస్టమ్32, లాగ్‌ఫైల్స్, హెచ్‌టీటీపీఈఆర్ఆర్ ఫోల్డరును చూడాలి. విజువల్ స్టూడియో నుంచి నడిచే ఐఐఎస్ ఎక్స్‌ప్రెస్ మాత్రం ఇవేవీ వాడదు. దాని లాగ్‌లు మీ డాక్యుమెంట్స్‌లోని ఐఐఎస్‌ఎక్స్‌ప్రెస్ ఫోల్డరులో పడతాయి.

ఫైలే లేని చోట

ప్రోగ్రాములను కంటైనర్లు అనే వేరు వేరు పెట్టెల్లో నడిపే డాకర్‌లో ఇంజిన్‌ఎక్స్ అధికారిక ఇమేజ్‌ను (సిద్ధంగా కట్టిన మూటను) నడిపేవారు కంటైనరు లోపలికి వెళ్లి వార్, లాగ్ కింద యాక్సెస్ డాట్ లాగ్‌ను చూసి సంతోషిస్తారు, చదవబోతే ఏమీ రాదు. అది ఫైలు కాదు. కంటైనరు అవుట్‌పుట్‌కు వేసిన లింకు. అక్కడ పడవలసినది డాకర్ చేతికి పోతుంది, డాకర్ లాగ్స్ ఆదేశానికి కంటైనరు పేరు ఇస్తేనే కనిపిస్తుంది. ఆ సమాచారాన్ని డాకర్ తన దగ్గర ఫైలుగానే దాచుకుంటుంది గానీ, విండోస్, మాక్ మీది డాకర్ డెస్క్‌టాప్‌లో అది వర్చువల్ మెషీన్ లోపల ఉంటుంది కనుక ఎక్స్‌ప్లోరరులో, ఫైండరులో వెతకడం దండగ. కంటైనరును తొలగిస్తే లాగ్ కూడా పోతుంది; కావలసిన వరుసలను ముందే ఒక టెక్స్ట్ ఫైలులోకి మళ్లించి పెట్టుకోవాలి.

విండోస్ లోపలే లైనక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్ఎల్‌లో ఉన్న సర్వరుకు ఇంత కష్టం లేదు. ఫైళ్లు లైనక్స్ పద్ధతిలోనే ఉంటాయి, ఎక్స్‌ప్లోరరు ఎడమవైపున పెంగ్విన్ బొమ్మతో ఉన్న లైనక్స్ అన్న చోటు నుంచి ఉబుంటు, వార్, లాగ్ అంటూ దిగవచ్చు. అనుమతి లేదంటే లోపలి టెర్మినల్ నుంచి చదవాలి.

పీహెచ్‌పీతో వచ్చే చిన్న సర్వరు, పైథాన్‌లోని హెచ్‌టీటీపీ డాట్ సర్వర్ తమ వరుసలను నడిపిన టెర్మినల్ కిటికీలోనే రాస్తాయి, ఎక్కడా దాచవు. జావాస్క్రిప్టును నడిపే నోడ్ మీద ఎక్స్‌ప్రెస్ అనే ఫ్రేమ్‌వర్క్ అయితే అదీ లేదు. మోర్గాన్ వంటి లాగ్ మాడ్యూల్‌ను మీరు చేర్చితే తప్ప ఎవరు వచ్చారో ఎక్కడా నమోదు కాదు. వీటితో పనిచేసేవారు వెతకడం మాని, నడిపే ఆదేశం చివర మామూలు అవుట్‌పుట్, తప్పుల అవుట్‌పుట్ రెండింటినీ ఒక ఫైలులోకి మళ్లించి, రెండవ కిటికీలో ఆ ఫైలు మీద టెయిల్ ఆదేశాన్ని హైఫన్ ఎఫ్‌తో తెరిచి పెట్టుకోవాలి. విండోస్ పవర్‌షెల్‌లో అదే పనిని గెట్ కంటెంట్ ఆదేశం వెయిట్ అన్న ఆప్షన్‌తో చేస్తుంది. పేజీ రీలోడ్ చేసిన ప్రతిసారీ కొత్త వరుస అక్కడే దిగుతూ కనిపిస్తుంది.